ఖాళీగా రాకూడదు

మొన్న వేసవిలో కాలవ కట్టేసినప్పుడు
పూడిక తీసేవాళ్ల పారకి
బురదలోంచి ఏదో తళుక్కున తగిలింది.
వెండిగొలుసేమో అని వంగారు నలుగురూ.
చూస్తే, అంతకుముందు క్రిస్మస్‌కి
నేను కేకు చుట్టిచ్చిన కాగితం.
నక్షత్రాలు నక్షత్రాల్లాగే ఉన్నాయి.
"దీవెనకి, అత్త" అన్న నా రాత
సగం కూడా చెరగలేదు.

సిగ్గేసింది. అంతే.
పెద్ద ఆలోచనేం కాదు.

దసరా కుట్లు అయిపోయాక
మిషను కింద పదేళ్లుగా కాళ్లకి తగులుతున్న
మూట విప్పాను.
జాకెట్లలో మిగిలిన ముక్కలు,
బడిపిల్లల నీలం యూనిఫారం అంచులు,
"దేనికైనా పనికొస్తుందిలే కెజియమ్మా" అని
పాస్టరమ్మగారు పడేసిపోయిన చర్చి కిటికీ తెర,
గళ్ల లుంగీ ఒకటి, ఎవరిదో చెప్పను.

మూరెడు పొడుగు, జానెడు వెడల్పు.
పక్కలు కుట్టి, మూతి మడిచి,
పిన్నీసుకి బొందు తగిలించి లోపలికి పంపితే
నత్తలా నడిచి నడిచి
అటువైపు తల బయటపెడుతుంది.

లేసు అల్లే మా రాహేలత్త
మూతికి గుండీ పెట్టి కాజా కుట్టమంది.
"కాజాలు లోపలుంటే చాలత్తా, బయటెందుకు?" అన్నాను.
నవ్వీ నవ్వీ సూది జారవిడిచింది,
అల్లిక రెండు వరసలు ఊడిపోయింది.

ఇరవై ఒకటి తేలాయి.
ఇరవై రెండోదానికి గుడ్డ లేదు.

కొక్కేనికి మూడేళ్లుగా ఒక జాకెట్టు వేలాడుతోంది.
ఆకుపచ్చ పట్టు, వంగపండు రంగు అంచు.
సఖినేటిపల్లి నుంచి పంటు దాటొచ్చి ఇచ్చినావిడ
ఆదివారం వస్తానంది,
ఏ ఆదివారమో అనలేదు.
కొలతల పుస్తకంలో ఇంకా ఉంది ఆవిడ:
భుజం పద్నాలుగు, చెయ్యి తొమ్మిది.
పేరు రాసుకోలేదు.

కత్తెర మూడుసార్లు ఎత్తి మూడుసార్లు దించాను.
నాలుగోసారి భుజం కుట్టు విప్పాను.
వీపు ఒక పక్క, ముందు ముక్కలు రెండూ కలిపి ఒక పక్క.
హుక్కులు మాత్రం డబ్బాలో దాచాను,
వస్తే అవైనా ఇవ్వొచ్చన్నట్టు.

పండగ ముందురోజు పంచుతూ
అందరికీ ఒకటే చెప్పాను:
తినేశాక సంచీ నాకు రావాలి.
మన వైపు గిన్నె ఖాళీగా తిరిగిరాదు కదా,
సంచులూ అదే నేర్చుకున్నాయి.
ఒకటి మునక్కాడల్ని సగం బయటికి పెట్టుకుని వచ్చింది.
ఒకటి దబ్బకాయని మోయలేక మోస్తూ.
పడవల ప్రకాశంగారిది ఎండురొయ్యలతో.
కుంకుడు పులుసులో మూడుసార్లు ఉతికినా
వచ్చే క్రిస్మస్ దాకా ఆ వాసన ఉండేట్టే ఉంది.

వచ్చిన ప్రతిదానికీ మూతి లోపల
ఎర్రదారంతో ఒక కుట్టు,
ఒక ప్రయాణం లెక్క.

ఇరవై ఒకటి వచ్చాయి.
ఆకుపచ్చది రాలేదు.
రాహేలత్త ఎవరికో ఇచ్చిందట,
వాళ్లు ఇంకెవరికో.

నిన్న పంటు మీద గోదారి దాటుతున్నాను.
ఎదురుగా సైకిలుకి ఆనుకుని ఒకావిడ,
చేతిలో అదే సంచీ.
అనుమానం లేదు.
మూల తిరిగేచోట వెనక్కి రెండు కుట్లు వెయ్యడం
ఈ ఊళ్లో నాకొక్కదానికే ఉన్న జబ్బు.

బొందు సగమే బిగించి ఉంది.
సందులోంచి కోడిపిల్ల తల,
ఒక కన్ను నీళ్లకేసి, ఒక కన్ను నాకేసి.

అడుగుదామని నోరు తెరిచాను.
ఇంజను మోతకి పిల్ల తల లోపలికి లాక్కుంది.
ఆవిడ బొందు ఇంకాస్త వదులు చేసింది,
గాలి ఆడాలని.

ఆవిడ భుజం కేసి చూశాను.
పద్నాలుగు ఉండదు. పదమూడున్నర.

రేవులో ఆవిడ అటు, నేను ఇటు.
ఇంటికొచ్చి పైట తీస్తుంటే వేలికి గుచ్చుకుంది,
పొద్దుటినుంచీ అంచుకే ఉంది,
ఎర్రదారం ఎక్కించిన సూది.